తాళాలు వాయించే అమ్మ దయ్యం కాదు

నేను పుదుచ్చేరి ప్రభుత్వంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. చదువు మెట్రిక్యులేషనుతో సరి. శిల్పాలను గురించి వ్రాయడానికి నీకేమి అధికారమని పాఠకులు అడగవచ్చు. అధికారమేమీ లేదు. మనస్సు నొచ్చుకొని వ్రాస్తున్నాను.

ఆమధ్య మా మనుమణ్ణి వెంటబెట్టుకొని ఒక మ్యూజియం చూడబోయినాను. దాని పేరెందుకు గాని, విగ్రహాల గదిలో అద్దం వెనుక ఒక చిన్న కంచుబొమ్మ వున్నది. యెముకలు తేలిన వొళ్ళు, యెండిపోయిన రొమ్ములు, చేతుల్లో తాళాలు. బడిపిల్లలు కొందరు "దయ్యం, దయ్యం" అని ఒకటే నవ్వు. వెంట వచ్చిన మేష్టరుగారు కూడా నవ్వారు. చీటీమీద లోహం పేరు, శతాబ్దం మాత్రం వ్రాసి వున్నవి.

ఆమె కారైక్కాల్ అమ్మయ్యారు. అరవైముగ్గురు నాయనార్లలో ఆడవారు ముగ్గురే, అందులో ఒకరు. సుమారు ఆరవ శతాబ్దపు కవయిత్రి.

పిల్లల్ని తప్పుపట్టే యోగ్యత నాకూ లేదు లెండి. మా యానాం, ఆ కారైక్కాలు 1954 దాకా ఫ్రెంచివారి యేలుబడిలో వుండేవి. యిప్పుడు రెండూ పుదుచ్చేరి కిందనే. బదిలీమీద పోయి నేనక్కడ ఆరేళ్ళు వున్నాను. యేటా ఆని నెలలో జరిగే మాంగని వుత్సవంలో జనం విసిరే మామిడిపళ్ళు పట్టుకొని తిన్నాను. మొగుడు పంపిన రెండు పళ్ళలో ఒకటి ఆమె శివభక్తుడికి పెట్టడం, మొగుడు రెండోది అడిగితే దేవుడు యివ్వడం, ఆ మహిమకు జడిసి అతడు ఆమెను విడిచిపోవడం, అంతా విన్నాను. ఆమె పద్యాలు కట్టిందన్న సంగతి మాత్రం ఆరేళ్ళూ నాకు తట్టలేదు. తరువాత ఒక అరవ మిత్రుడు చెప్పగా తెలిసింది.

మొగుడు పోయిన తరువాత ఆమె యీ అందం నాకెందుకని తీసేయమని దేవుణ్ణి అడిగిందట. పేయి రూపం, అంటే పిశాచరూపం, కోరి తెచ్చుకొన్నది. తిరువాలంగాడు శ్మశానంలో పిశాచాల నడుమ శివుడాడే నాట్యాన్ని పాడింది. తన పాటల చివర తనను తానే కారైక్కాల్ పేయి అని చెప్పుకొన్నది. కాబట్టి శిల్పి ఆమెను కురూపిని చేశాడనుకోరాదు. ఆమె తన్ను గురించి చెప్పుకొన్నదాన్నే కంచులో పోశాడు. ఆ పాట తెలియనివాడు ఆ బొమ్మను చూచి నవ్వక యేం చేస్తాడు?

చెన్నపట్నం ఎగ్మూరు మ్యూజియంలో లోకప్రసిద్ధమైన నటరాజు తిరువాలంగాడుదే. ఆ వూరు 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే వుండేది. ఆ విగ్రహం పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటిదంటారు. అంటే ఆ వూరి నాట్యాన్ని ఒక ఆడమనిషి మాటల్లో పెట్టిన అయిదు వందల యేళ్ళకు గాని అది లోహంలోకి రాలేదు. గంగైకొండ చోళపురం గుడిలోనైతే ఆడే శివుని పాదాల దగ్గర ఆమెను కూడా చెక్కారు. గుడిలో కలిసి వున్న కవిని, దేవుణ్ణి మ్యూజియాల్లో విడదీయడం నాకు సబబుగా తోచదు.

ఫ్రెంచి శిల్పి రోదే ఇండియా చూడనే లేదు. చెన్నపట్నం నటరాజుల ఫొటోలు చూచి పరవశించి వ్రాసిన వ్యాసం ఆయన పోయిన తరువాత 1921లో అచ్చయింది. శిల్పి కలం పట్టాడని మెచ్చుకొంటాము. మన అమ్మ సంగతి యెవరు చెప్పాలి?

తెలుగువారికి నాయనార్లు కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో వారి కథలు చెప్పాడు. ధూర్జటి కన్నప్పను పాడాడు. కన్నప్ప మనవాడైనప్పుడు యీమె పరాయిది యెట్లా అవుతుంది?

మ్యూజియం గుడి కాదు, చీటీలు పొట్టిగా వుండాలి అనేవారున్నారు. వుండనివ్వండి. ముప్ఫైయేళ్ళు ఫైళ్ళమీద నోట్సు వ్రాసినవాణ్ణి, పొట్టిగా వ్రాయడం నాకూ తెలుసు. "కవయిత్రి, తిరువాలంగాడు శివనాట్యంమీద పాటలు రచించెను, యీ రూపము తాను కోరినది" — యింత చాలు. న్యూయార్కులోను, కాన్సాస్ నగరంలోను యీమె కంచు విగ్రహాలు మ్యూజియాల్లో వున్నవి. వాటిని చూచేవారికి అది వేరే దేశపు బొమ్మ. మనదగ్గర మేష్టర్లైనా పిల్లల్ని తీసుకుపోయే ముందు తెలుసుకోవద్దా?

యింటికి వచ్చాక మావాడు ఆ బొమ్మ కాగితంమీద గీసి, కింద పేరు వ్రాయమన్నాడు. తెలుగులో వ్రాసి యిచ్చాను. వచ్చే ఆని పున్నమికి వాణ్ణి కారైక్కాలు తీసుకుపోవాలని వున్నది.

యిట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
యానాం