స్టెంటు తీసిన రోజే ఆపరేషన్ పూర్తయినట్టు

మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని కోత లేకుండా తీసే చికిత్స ఇప్పుడు మన పల్లెలవారికి కొత్త కాదు. బల్మూర్, కొండనాగుల, అచ్చంపేట వైపు నుండి ఎందరో హైదరాబాద్ వెళ్లి, ఆ చికిత్స చేయించుకొని, రెండు మూడు రోజులలో ఇంటికి తిరిగి వస్తున్నారు. ఇది సంతోషించవలసిన సంగతే. అయితే "రాయి పోయింది, బాధ తీరింది" అని చెప్పుకునేవారిలో కొందరి శరీరంలో ఒక సన్నని గొట్టం అలాగే ఉండిపోతున్నది. దాని పేరు స్టెంటు. అది బయటికి వచ్చేవరకు ఆపరేషన్ పూర్తి కానట్టేనని నా అభిప్రాయం. ఈ మాట రోగికే కాదు, ఇంటిల్లిపాదికీ తెలియాలి.

ముందుగా ఆ గొట్టం ఎందుకు వేస్తారో తెలుసుకుందాము. మూత్రపిండంలో తయారైన మూత్రం సంచిలోకి దిగడానికి రెండు వైపులా రెండు నాళాలున్నాయి. ఒక్కొక్కటి సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే. మూత్రపిండం నుండి బయలుదేరే చోట, మధ్యలో పెద్ద రక్తనాళాలను దాటే చోట, సంచిలో కలిసే చోట ఈ నాళం మరీ ఇరుకుగా ఉంటుంది. రాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఈ మూడు చోట్లే. 5 మిల్లీమీటర్లకు లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. 10 మిల్లీమీటర్లు దాటినవి అలా పడిపోవడం అరుదు. రాయి అడ్డుపడి మూత్రం వెనక్కి నిలిచిపోతే మూత్రపిండం ఉబ్బుతుంది. నడుము పక్క నుండి గజ్జల వరకు పొడుచుకు వచ్చే నొప్పి దానివల్లనే.

ఇలాంటి రాయికి వైద్యులు యూరెటెరోస్కోపీ చేస్తారు. వెన్నులో గానీ, పూర్తిగా గానీ మత్తు ఇచ్చి, సన్నని దుర్బిణిని మూత్రమార్గం గుండా సంచిలోకి, అక్కడినుండి నాళంలోకి పంపుతారు. రాయిని కంటితో చూస్తూ లేజరుతో పగులగొట్టి, ముక్కలను చిన్న బుట్టవంటి పరికరంతో బయటికి లాగుతారు. పొట్టమీద కోత ఉండదు, కుట్లుండవు. 1912లో అమెరికాలో హ్యూ యంగ్ అనే వైద్యుడు ఒక పసిబిడ్డకు సంచిని చూసే దుర్బిణితో పరీక్ష చేస్తూ, బాగా ఉబ్బి ఉన్న నాళంలోకి కూడా దానిని పంపి చూశాడు. ఇందుకోసమే ప్రత్యేకంగా పొడవైన దుర్బిణులు తయారైనది 1970ల చివర, 1980 ప్రాంతంలో. లేజరు వాడకం 1990లలో పెరిగింది.

రాయి తీసిన తర్వాత నాళం లోపలి గోడ వాచి ఉంటుంది. ఆ వాపువల్లగానీ, మిగిలిన పొడివల్లగానీ దారి మళ్లీ మూసుకుపోకుండా చాలామందికి డీజే స్టెంటు వేస్తారు. పైకొస మూత్రపిండంలో, కిందికొస సంచిలో చుట్టుకొని ఉంటుంది గనుక అది జారిపోదు. దీనిని 1978లో రాయ్ ఫిన్నీ అనే అమెరికా వైద్యుడు ప్రచురించాడు. అందరికీ ఇది అవసరం ఉండదు. వేసినవారికి మాత్రం కొద్ది రోజుల నుండి కొన్ని వారాలలోపు తీసివేయాలి. ఎన్ని రోజులకు అన్నది ఆపరేషన్ చేసిన వైద్యుడే చెప్పాలి.

మరి ఎందుకు మరచిపోతున్నారు? నేను గమనించినంతలో కారణాలు మూడు. మొదటిది, నొప్పి పోవడం. "ఏ బాధ లేదు గద సిస్టరమ్మా, మళ్ల దేనికి పోవాలె?" అని అడిగేవారు ఎందరో. రెండవది, అసలు స్టెంటు వేసిన సంగతే తెలియకపోవడం. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఒక చిన్న వరుసలో రాసి ఉంటుంది. ఆ కాగితం కవరులో పెట్టి, కవరు పెట్టెలో పెడతారు. మూడవది మన పాలమూరు బతుకే. పత్తి ఏరడం కాగానే, పల్లికాయ పని అయిపోగానే భార్యాభర్తలు హైదరాబాద్, ముంబయి, పుణె కూలికి బయలుదేరుతారు. మళ్లీ ఇల్లు చేరేసరికి ఆరు నెలలో ఏడాదో గడిచిపోతుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పేరు కూడా గుర్తుండదు.

మూత్రంలో కరిగి ఉన్న లవణాలు స్టెంటు మీద పేరుకుంటాయి. బావినీళ్లు కాచే గిన్నెకు తెల్లగా పొర కట్టినట్టే ఇది కూడా. రాళ్లు తయారయ్యే శరీరతత్త్వం ఉన్నవారికి మరీ త్వరగా కడుతుంది. సౌదీ అరేబియాలోని రియాద్ వైద్యులు తమ రాళ్ల రోగుల స్టెంట్లను పరిశీలించి 1991లో లెక్కలు ప్రచురించారు. ఆరు వారాలలోపు తీసినవాటిలో నూటికి 9 మీద పొర కట్టింది. ఆరు నుండి పన్నెండు వారాల మధ్య తీసినవాటిలో 47, పన్నెండు వారాలు దాటినవాటిలో 76 అలా ఉన్నాయి. మనలాగే ఎండలు కాసే దేశం నుండి వచ్చిన లెక్క కనుక దీనిని మనము శ్రద్ధగా వినాలి.

గడువులో వస్తే స్టెంటు తీయడం చిన్న పని. మూత్రమార్గంలో తిమ్మిరి జెల్లీ వేసి, దుర్బిణితో కింది కొసను పట్టుకొని లాగుతారు. కొన్ని నిమిషాలలో అయిపోతుంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళతారు. ఏళ్లు గడిచాక వస్తే గొట్టం లాగినా రాదు, లేదా ముక్కలవుతుంది. ముందు దాని మీద కట్టిన రాయిని పగులగొట్టాలి. ఒకటికి రెండు మూడు ఆపరేషన్లు పడతాయి. ఈలోపు చీము పట్టి జ్వరం రావచ్చు, మూత్రపిండం పనిచేయకుండా పోవచ్చు. అన్నిటికన్నా బాధాకరం ఏమిటంటే, ఇది లోలోపల సద్దు లేకుండా జరుగుతుంది.

కొందరు దీనికి తప్పంతా రోగిదే అంటారు. తేదీ చెప్పాము, రాలేదు, మేమేమి చేయాలి అంటారు. ఈ మాటతో నేను ఏకీభవించను. రోజు కూలి పోగొట్టుకొని, ఇద్దరికి బస్సు చార్జీలు పెట్టుకొని, బాధ లేని మనిషి రెండవసారి హైదరాబాద్ వెళ్లాలంటే ఎందుకు వెళ్లాలో గట్టిగా తెలిసి ఉండాలి. ఆ తెలియజెప్పే బాధ్యత ఆసుపత్రిది, ముఖ్యంగా డిశ్చార్జి చేసే నర్సుది. స్టెంటు వేసిన ప్రతి ఆసుపత్రిలో దానికొక రిజిస్టరు ఉండాలి. తీయవలసిన తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. గడువు దాటితే ఫోన్ చేయాలి. రోగి నంబరుతోపాటు ఊరిలో ఉండే మరొకరి నంబరు కూడా తీసుకోవాలి, ఎందుకంటే కూలికి పోయినవారి నంబర్లు మారుతూ ఉంటాయి. ఇందుకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు, ఒక నోటుబుక్కు, ఒక ఫోను చాలు.

ఖర్చు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతోపాటు మొదటి విడతలోనే మన అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉంది. మూత్రనాళపు రాళ్ల చికిత్స ఆ పథకంలో ఉన్నది. డిశ్చార్జికి ముందే ఆరోగ్యమిత్రను "స్టెంటు తీయడానికి మళ్లీ డబ్బు కట్టాలా, ఏ కాగితాలు తేవాలి?" అని అడగండి. డబ్బు భయంతో ఆగిపోయేవారు కూడా ఉన్నారు.

ఇంటివారికి నా మనవి ఇది. ఆసుపత్రి నుండి బయలుదేరేముందు మూడు ప్రశ్నలు అడగండి: స్టెంటు వేశారా? ఏ తేదీకి తీస్తారు? ఎక్కడ తీస్తారు? ఆ తేదీని గోడమీది క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టండి. కూలికి వెళ్లవలసి వస్తే స్టెంటు తీయించుకున్నాకే వెళ్లండి. అలా కుదరకపోతే కాగితాల ఫోటో ఫోనులో పెట్టుకొని, ఆ ఊరిలో ఎక్కడ తీస్తారో మీ వైద్యుడినే అడగండి.

స్టెంటు ఉన్నన్నాళ్లు మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం, కొద్దిగా మంట, పని చేసినప్పుడు మూత్రం కాస్త ఎర్రబడటం, మూత్రం పోసేటప్పుడు నడుము పట్టినట్టుండటం మామూలే. ఆపరేషన్ చెడిపోయిందని భయపడవద్దు. మూత్రానికి ఎక్కువసార్లు లేవవలసి వస్తుందని నీళ్లు తగ్గించవద్దు. మూత్రం తెల్లగా వచ్చేంత తాగండి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో వైద్యుడిని అడగాలి. అయితే చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, రక్తం గడ్డలుగా పడినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి.

ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా ఇదివరకు రాయి ఆపరేషన్ జరిగి, స్టెంటు తీశారో లేదో గుర్తులేకపోతే సిగ్గుపడవద్దు, భయపడవద్దు. కాగితాలు దొరికితే తీసుకొని రండి, దొరకకపోతే ఊరికే రండి. పొట్టకు ఒక ఎక్స్‌రే తీస్తే గొట్టం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. మీ ఇంట్లో కాకపోయినా మీ వాడకట్టులో, మీ సంఘంలో రాయి తీయించుకున్న పెద్దమ్మో, అన్నో ఉంటే ఈ వారమే ఒక్క మాట అడగండి: "నీకు స్టెంటు వేసిన్రా? తీసిన్రా?" ఆ ఒక్క ప్రశ్న ఒక మూత్రపిండాన్ని కాపాడవచ్చు.