క్రీడా నిధుల పంపకం: అమెరికా విశ్వవిద్యాలయాలకు ఎదురైన చిక్కు

అమెరికా విశ్వవిద్యాలయాలలో క్రీడల ద్వారా వచ్చే ఆదాయంలో ఏ క్రీడకు ఎంత వాటా దక్కాలన్న పాత వివాదం 2025లో కొత్త మలుపు తిరిగింది. జాతీయ కళాశాలల క్రీడా సంఘంపై క్రీడాకారులు వేసిన ‘హౌస్’ వ్యాజ్యంలో కుదిరిన రాజీని ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆ ఏడాది జూన్ 6న ఆమోదించారు. దీని ప్రకారం పూర్వ క్రీడాకారులకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించవలసి ఉంది. అంతేగాక, రాజీలో చేరిన విశ్వవిద్యాలయాలు 2025 జూలై 1 నుండి తమ క్రీడాకారులకు నేరుగా సొమ్ము ఇచ్చే వీలు కలిగింది. 2025-26 సంవత్సరానికి ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి గరిష్ఠ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

పరిమితిని ఖరారు చేసిన రాజీ, పంపకాన్ని మాత్రం విశ్వవిద్యాలయాల విచక్షణకే వదిలివేసింది. పూర్వ పరిహారాన్ని లెక్కించేందుకు ప్రధాన కూటములలోని విశ్వవిద్యాలయాలకు ఒక నిష్పత్తిని అనుసరించారు. అందులో అమెరికన్ ఫుట్‌బాల్‌కు సుమారు 75 శాతం, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 15 శాతం, మహిళల బాస్కెట్‌బాల్‌కు 5 శాతం, తక్కిన క్రీడలన్నింటికీ కలిపి 5 శాతం కేటాయించారు. పలు విశ్వవిద్యాలయాలు ఇంచుమించు ఇదే నిష్పత్తిని భవిష్యత్ చెల్లింపులకు కూడా అనుసరించడం గమనార్హం. గరిష్ఠ మొత్తాన్ని పూర్తిగా పంచిన పక్షంలో ఫుట్‌బాల్‌కు కోటిన్నర డాలర్లకు పైగా దక్కగా, మహిళల బాస్కెట్‌బాల్‌కు పది లక్షల డాలర్లు మాత్రమే మిగులుతాయి. గతంలో జరిగిన నష్టాన్ని అంచనా వేసేందుకు తయారైన లెక్క, విధాన నిర్ణయమేదీ లేకుండానే రానున్న ఏండ్ల బడ్జెట్‌గా మారిందన్నమాట.

ఫుట్‌బాల్ పక్షం వాదన తీసివేయదగినది కాదు. టెలివిజన్ హక్కుల సొమ్ములో, టిక్కెట్ల రాబడిలో సింహభాగం ఆ క్రీడదే. ఇతర జట్ల ప్రయాణ ఖర్చులు, శిక్షకుల జీతాలు చాలాచోట్ల ఆ రాబడి నుండే గడుస్తున్నాయి. అయితే ఫెడరల్ నిధులు పొందే విద్యాసంస్థలలో స్త్రీ పురుష వివక్షను నిషేధించిన 1972 నాటి ‘టైటిల్ నైన్’ చట్టం రాబడిని బట్టి మినహాయింపు ఇవ్వలేదు. ఈ చెల్లింపులు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయని 2025 జనవరిలో విద్యాశాఖ జారీ చేసిన మార్గదర్శకాలను, ప్రభుత్వం మారిన పిమ్మట ఫిబ్రవరిలో ఉపసంహరించారు. దీంతో వివాదం మళ్లీ న్యాయస్థానాలకే చేరింది. పరిహారం పంపకాన్ని సవాలు చేస్తూ కొందరు మహిళా క్రీడాకారులు అప్పీలు దాఖలు చేశారు.

అసలు ముప్పు ప్రేక్షకాదరణ లేని క్రీడలకే. సంపన్న సంస్థగా పేరొందిన స్టాన్‌ఫర్డ్ సైతం 2020లో కత్తిసాము, ఫీల్డ్ హాకీ, కుస్తీ సహా 11 క్రీడలను రద్దు చేయనున్నట్లు ప్రకటించింది. పూర్వ విద్యార్థుల తీవ్ర నిరసనతో 2021 మే నెలలో ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నది. అమెరికా ఒలింపిక్ జట్లకు ప్రధానంగా క్రీడాకారులను అందిస్తున్నది ఈ విశ్వవిద్యాలయాలే కనుక, అక్కడ ఒక జట్టు రద్దయితే దాని ప్రభావం ఆ ప్రాంగణానికే పరిమితం కాదు.

ఆ దేశంలో చదువుతున్న తెలుగు విద్యార్థులకూ ఈ విషయంతో సంబంధం లేకపోలేదు. పలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు క్రీడా విభాగాల ఖర్చులో కొంత భాగాన్ని విద్యార్థుల రుసుముల నుండే రాబట్టుకుంటున్నాయి. మైదానం వైపు తొంగిచూడని విద్యార్థి కూడా ఆ రుసుము చెల్లించవలసిందే.