టీకాల పోలికలో మన లెక్క ఏది?

కరోనా టీకాల్లో ఏది మేలన్న చర్చ 2021 నుంచి మనమంతా విన్నదే. కోవాక్సిన్‌లో ఉండేది నిర్జీవం చేసిన కరోనా వైరస్. కోవిషీల్డ్‌లో, హాని చేయకుండా మార్చిన చింపాంజీ జలుబు వైరస్ కరోనా జన్యువు ఒకదాన్ని మోసుకొస్తుంది. ఫైజర్, మోడెర్నాలలోని ఎంఆర్‌ఎన్‌ఏ, కరోనా ముల్లు ప్రోటీన్‌ను తయారుచెయ్యమని మన కణాలకు చెబుతుంది.

పద్ధతులు వేరైనా ఒక విషయంలో ఈ నాలుగూ ఒకటే. అనుమతికి ఆధారమైన పెద్ద ప్రయోగాల్లో వేటిలోనూ గర్భిణులను చేర్చుకోలేదు. సామర్థ్యాన్ని శాతాల్లో పోల్చే పట్టికల్లో ఈ వెలితి కనబడదు.

దాని ఫలితం అనుభవించింది స్త్రీలే. మన దేశంలో గర్భిణులకు టీకా అనుమతి 2021 జూలై 2న గాని రాలేదు. అప్పటికే రెండో విడత ఉధృతి దాటిపోయింది. కరోనా సోకితే గర్భిణులకు జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువని తెలిసి కూడా వాళ్ళను టీకా లేకుండా వదిలేశారు.

ఇది కొత్త కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖ కాన్సర్ టీకా వేసినప్పుడు, ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. అక్కడ అడగకుండా వేశారు, ఇక్కడ అడగకుండా ఆపారు. రెండుచోట్లా స్త్రీ మాటకు విలువ లేదు.

నేను టీకాలను కాదనడం లేదు. అవి ప్రాణాలు నిలిపాయి. అయితే రేపు ఏ కొత్త టీకా వచ్చినా మనం శాతాలతో సరిపెట్టుకోవద్దు. ప్రయోగంలో మనం ఉన్నామా, మనల్ని అడిగారా అని నిలదీద్దాం.