గాలి తీసేటప్పుడు వేలు జాగ్రత్త

తొలకరి పడిందంటే చాలు, పాత ట్రాక్టరు మొరాయిస్తుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టరు మార్చినా, పైపు జాయింటు వదులైనా డీజిల్ దారిలోకి గాలి చేరుతుంది. ఇక పంపు ఎంత తోసినా నాజిల్ దాకా డీజిల్ అందదు.

విరుగుడు తేలికే. బండిని న్యూట్రల్‌లో ఉంచి, బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాలి. ఇంజిన్ చల్లబడ్డాక ఫిల్టరు చుట్టూ మట్టి తుడవాలి. ట్యాంకులో డీజిల్ పోసి, ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టాలి. బుడగలు ఆగి ధార వచ్చాక బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా ఇదే వరస. అప్పటికీ కాకపోతే నాజిల్ పైపుల నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొడతారు.

అసలు ప్రమాదం ఇక్కడే. నాజిల్ నుంచి డీజిల్ వాతావరణ పీడనానికి దాదాపు రెండొందల రెట్ల ఒత్తిడితో చిమ్ముతుంది. స్ప్రే ఎలా ఉందోనని అరచెయ్యి అడ్డుపెడితే సూదిలా చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే. పెద్దగా నొప్పీ ఉండదు. గంటలు గడిచేసరికి లోపల కండ కుళ్లి వేలే తీసేయాల్సి రావచ్చు. ‘ఒత్తిడితో డీజిల్ ఎక్కింది’ అని చెప్పి, వెంటనే శస్త్రచికిత్స జరిగే ఆస్పత్రికి వెళ్లాలి. లీకు అనుమానముంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి తప్ప చెయ్యి కాదు.

ఇంకో అలవాటు, పైపును నోటితో పీల్చడం. డీజిల్ గుక్కెడు పొరబోయినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అలా జరిగితే వాంతి చేయించకూడదు. అది మరింత లోపలికి పోతుంది. ఆస్పత్రే దిక్కు.

‘డీజిలేగా, పెట్రోలు కాదుగా’ అని ట్యాంకుకు వెల్డింగు పెట్టించేవారూ ఉన్నారు. మన ప్రమాణాల ప్రకారం డీజిల్ ఆవిరి నిప్పందుకునే ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే చాలు. రోహిణి కార్తెలో నీడలోనే 40 దాటుతుంది! ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి నిండి ఉంటుంది. ఒక్క రవ్వ చాలు, బాంబులా పేలుతుంది.

గాలి తీయడం రైతు చేతిలో పనే. పంపు, నాజిల్ విప్పే పని మాత్రం టెస్టింగ్ బెంచి ఉన్న షాపుకే వదిలేయాలి. అక్కడయ్యే ఖర్చు వేలి ఖరీదు కంటే తక్కువే.