కరకట్ట మీదుగా అమరావతికి

ఈ సంచికలో కృష్ణ కుడిగట్టు వెంట సైకిలెక్కుతున్నాం. విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటగానే ఉండవల్లి. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహల్లో అనంతపద్మనాభుడు ఏకశిలలో పవళించి ఉంటాడు. అక్కణ్ణుంచి కరకట్ట పట్టుకుని పడమరగా సుమారు 30 కిలోమీటర్లు తొక్కితే అమరావతి.

1797లో బ్రిటిష్ సైనికాధికారి కాలిన్ మెకంజీ చూసిన ఇక్కడి బౌద్ధ మహాచైత్యం ఇప్పుడు చాలావరకు మట్టిదిబ్బ. దాని శిల్పాల్లో అధికభాగం చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. అయినా ముందు ఈ దిబ్బనే చూడాలంటాను. ఏటి ఒడ్డున ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో మ్యూజియం గదిలో తెలియదు. నది పక్కనే పొద్దంతా తొక్కి వచ్చినవాళ్లకు తెలుస్తుంది. కారులో వెళ్తే ఆ నది సగం కనపడదు.

ఎండాకాలం వద్దు. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. ఇసుక లారీలు తిరిగే చోట ఎడమ అంచు వదలకండి.