పాటపెట్టెకు పవర్ కండిషనరు వలయునా?

సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములందు కర్మాగారముల నడుమ కాపురముండువారికి దీపము మినుకుమినుకు మనుట క్రొత్త గాదు. మోటారు బయలుదేఱునపుడు, నడచునప్పటికంటె అయిదాఱు రెట్లు విద్యుత్తును లాగుకొనును. పిండిమరకును, వెల్డింగు దుకాణమునకును, మన యింటికిని ట్రాన్స్‌ఫార్మ రొక్కటే యైనచో, ఆ క్షణమున మనకు వోల్టేజి తగ్గును.

ఇందువలన పాట చెడునని భయపడి, సంగీతప్రియులు కొందఱు వేలకు వేలు పోసి పవర్ కండిషనరులు కొనుచున్నారు. ఈ వ్యయము తగునా యని విచారింతము.

గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును యాంప్లిఫయరు ఉన్నదున్నట్లు వాడుకొనదు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు దానిని తగ్గించును. డయోడులు ఏకముఖముగ మార్చును. కెపాసిటరులు నిలువచేసి తేటపఱచును. చిల్లగింజ యరగదీసి కలిపిన బిందెలో నీరు తేఱినట్లే యిదియు. తేఱిన నీటిని మరల తేర్చుటకు ధనమేల?

గుయ్యిమను మ్రోత తఱచుగా విద్యుత్తులోని మలినమువలన గాక, రెండు యంత్రములను వేర్వేఱు సాకెట్లకు తగిలించుటచే ఎర్తు తీగలలో నేర్పడు చుట్టువలన గలుగును. అన్నిటిని ఒకే బోర్డునకు తగిలించి చూడుడు. మ్రోత పోవుటకై ఎర్తు పిన్నును మాత్రము తీసివేయకుడు, అది ప్రాణాపాయము.

నిజమైన భయము వేఱొకటి కలదు. వీధిలో న్యూట్రల్ తీగ తెగినచో ఇంటికి 400 వోల్టులవఱకు రావచ్చును. కండిషనరులలో పెక్కు వోల్టేజిని సరిచేయనే చేయవు. కావున మొదట ఎర్తు గుంతను, ఇంటి వైరింగును పరీక్షింపించుడు. ఎర్తు సరిగా లేనిచో సర్జ్ ప్రొటెక్టరు పూర్తిగ కాపాడజాలదు. పిదప వారము దినములు ఉదయమున, దీపములవేళ, రాత్రి వోల్టేజి కొలిపింపుడు. అది 207కు దిగువను, 253కు పైనను పలుమాఱు పోవుచున్నచో, హద్దు మీఱగనే విద్యుత్తును త్రెంచు స్టెబిలైజరు కొనుడు. ఉఱుములు మెఱపులు గల రాత్రి ప్లగ్గు ఊడదీయుటకు మించిన రక్ష లేదు.

ఇంకను సందేహ మున్నచో, మరల నిచ్చివేయు నొడంబడికపై కండిషనరును తెచ్చుకొనుడు. మీరు కన్నులు మూసికొని వినుచుండగా, ఇంకొకరు మీకు తెలియకుండ పది మాఱులు దానిని తగిలించియు, తీసియు ఒకే పాట వినిపింపవలెను. ఏది యెప్పుడో పోల్చజాలనిచో, తిరిగి పంపివేయుడు. చెవి ప్రమాణము గాని, వెలచీటి ప్రమాణము గాదు.

గదిలో నొక జంపఖానా పఱచి, స్పీకర్లను గోడమూలనుండి ముందునకు జరిపినచో కలుగు భేదము చెవికి వెంటనే తెలియును. దానికి వెల లేదు. నెలజీతముతో సాగు సంసారములలో, మిగిలిన ఆ ధనము ఆడపిల్ల సంగీతపు గురుదక్షిణకు వచ్చినచో, యంత్రములో వినిపించు పాట యింటనే పుట్టును గదా!