పనిముట్టు ఎవరిది?

“ఉద్యోగం అడగకండి, ఉద్యోగం ఇచ్చేవారు కండి” అన్న మాట ఈనాడు మన కళాశాలల్లో వార్షికోత్సవ మంత్రమైపోయింది. 2016 జనవరి 16న కేంద్ర ప్రభుత్వం స్టార్టప్ ఇండియా పథకాన్ని ప్రారంభించింది. 2019లో విద్యార్థుల, అధ్యాపకుల స్టార్టప్‌ల కోసం జాతీయ విధానం ఒకటి వెలువడింది. ఇంటికొక పారిశ్రామికవేత్త పుట్టుకురావాలని మన రాష్ట్ర ప్రభుత్వం అంటున్నది. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ తలుపులు తెరిచింది. ఇన్ని తలుపులు తెరుచుకొంటూ ఉంటే, నల్లజర్ల నుండి తాడేపల్లిగూడెం వరకు బస్సెక్కి వచ్చి చదువుకొనే విద్యార్థికి ఏ తలుపు తెరుచుకొన్నది? ఈ ప్రశ్నకు ఉపన్యాస వేదికల మీద సమాధానం దొరకదు. విచారించవలసిన సంగతి ఏమంటే, మన శిబిరంలో కూడా సరిగా దొరకడం లేదు.

మన మిత్రులు కొందరు ఈ సమస్యను ఒక్క మాటతో తేల్చివేస్తారు. “వ్యాపారమా? అది పెటీ బూర్జువా భ్రమ. విద్యార్థి చేయవలసింది పోరాటం” అంటారు. వినడానికి ఎంతో విప్లవాత్మకంగా ఉంటుంది. కాని నల్లజర్ల మెట్టలో రెండెకరాల కొబ్బరితోట ఉన్న రైతు బిడ్డను ఒకణ్ణి ఊహించుకొనండి. తల్లి పట్టిన ఆవకాయనో, ఊళ్ళో వలిచిన జీడిపప్పునో సీసాల కెత్తి, ఫోనుతో ఫొటో తీసి, వాట్సాప్‌లో పెట్టి, హైదరాబాదులో ఉన్న తెలిసినవారికి అమ్ముకొని ఫీజు కట్టుకొంటాడు. అతడు ఎవరి శ్రమను దోచుకొన్నట్టు? కూలికి మనిషిని పెట్టలేదు. తన కష్టమూ తల్లి కష్టమూ తప్ప అతని దగ్గర మరొక పెట్టుబడి లేదు. (ఆ తల్లి కష్టానికి కూలి కట్టని లెక్క లెక్క కాదని అతనికి చెప్పవలసిందే, అది వేరే మాట.) అతణ్ణి వర్గశత్రువుల జాబితాలో చేర్చే సిద్ధాంతం మార్క్సిజం కాదు, వట్టి సోమరితనం.

మన పెద్దలు ఇలా మాట్లాడలేదు. 1950ల దశకంలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసి పనివారిని వీధిలోకి నెట్టింది. అప్పుడు ఎ. కె. గోపాలన్ వారిచేత సహకార సంఘాలు పెట్టించాడు. 1957 నుండి ఆ కాఫీ హౌసులను పనివారే నడుపుకొన్నారు. కమ్యూనిస్టు నాయకుడు కాఫీ అమ్మించినంత మాత్రాన కమ్యూనిజానికి భంగమేమీ రాలేదు.

అయితే ఈ ఈసడింపు కంటె ప్రమాదకరమైనది దీనికి ఎదుటి కొసన ఉన్న భక్తి. వెబ్ వచ్చింది కనుక దళారి పోయాడనీ, చేతిలో ఫోను ఉన్నవాడికి ప్రపంచమే మార్కెట్టు అనీ భక్తులు చెబుతున్నారు. ఎక్కడికో పోనక్కరలేదు, మన కోకో కథ చూస్తే చాలు.

మెట్ట ప్రాంతంలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన కోకో పెరుగుతుంది. దేశంలో కోకో పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అందులో పెద్ద వాటా పాత పశ్చిమ గోదావరి జిల్లాది. 2024లో ప్రపంచ మార్కెట్టు ధర కనీవినీ ఎరుగనంతగా పెరిగి, డిసెంబరులో న్యూయార్కులో టన్ను 12,000 డాలర్లు దాటింది. ఆ ఏడు మన రైతుకు కూడా కిలో 900 రూపాయల పైన పలికింది. 2025 వేసవికి కొనుగోలు కంపెనీలు ఆ ధరను సగానికి దించివేశాయి. ఆ మే నెలలో న్యూయార్కు ధర టన్నుకు 8,000 డాలర్లకు పైనే ఉన్నది; మన లెక్కలో కిలోకు 680 రూపాయలకు తక్కువ కాదు. ఈ సంగతి రైతుకు తెలియదా? తెలుసు. ఆ ధర అతని ఫోనులోనే కనిపిస్తున్నది. కాని ధర తెలియడం వేరు, ధర పెట్టగలగడం వేరు. రైతులు సంఘంగా చేరి ధర్నాలకు కూర్చున్న తరువాతనే ప్రభుత్వం కదిలి, 2025 జూన్‌లో కిలోకు 500 రూపాయలు ఇప్పించడానికి ఒప్పుకొన్నది. అందులోనూ 50 రూపాయలు ఖజానావే. ఫోను చూపిన ధరను ఫోను ఇప్పించలేకపోయింది. రోడ్డు మీద కూర్చున్న మనుషులు ఇప్పించారు, అదీ కొంతవరకే.

కొల్లేటి చేపల చెరువుల దగ్గరా ఇదే న్యాయం. మేత అప్పిచ్చిన వ్యాపారికే చేప తూచవలసిన చిన్న రైతుకు హౌరా మార్కెట్టు ధర తెర మీద కనిపిస్తే ఒరిగేదేమిటి? అప్పు కాగితం యాప్ కంటె పాతది, యాప్ కంటె బలమైనది కూడా.

ఇక ఆన్‌లైన్ అంగళ్ళ సంగతి. దళారి పోలేదు, ఊరి దళారి స్థానంలో ఊరూ పేరూ కనిపించని దళారి వచ్చాడు. 2018లో అమెరికా వాల్‌మార్టు కంపెనీ 1,600 కోట్ల డాలర్లు పోసి ఫ్లిప్‌కార్టులో 77 శాతం వాటా కొన్నది. ఆ డబ్బు మన ఆవకాయ మీద ప్రేమతో పెట్టినది కాదు. ఆ అంగడిలో సరుకు మనది, నష్టం మనది. కొనేవారి చిరునామాల పట్టిక మాత్రం కంపెనీది. ఎవరి సరుకు మొదటి పుటలో కనిపించాలో, ఎవరిది నలభయ్యో పుటలో మగ్గాలో నిర్ణయించేది కంపెనీయే. ముందుకు రావాలంటే ప్రకటనకు మళ్ళీ ఆ కంపెనీకే డబ్బు కట్టాలి. అమెజాన్, ఫ్లిప్‌కార్టులు తమకు కావలసిన అమ్మకందారులకు పక్షపాతం చూపుతున్నవన్న ఆరోపణ మీద భారత పోటీ కమిషన్ 2020 జనవరిలో విచారణకు ఆదేశించింది.

ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు సరుకు అమ్మే చిన్న వ్యాపారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కాని అదే మనిషి అదే సీసాను ఆన్‌లైన్ అంగడిలో పెడితే, తొలి రూపాయి నుండే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. రాష్ట్రం లోపలి అమ్మకాలకు ఈ సంకెల సడలినది 2023 అక్టోబరు 1 నాటికి గాని కాదు. ఒక చేత్తో డిజిటల్ జెండా ఊపుతూ మరొక చేత్తో గుమ్మానికి గొలుసు వేయడమంటే ఇదే.

అందుచేత వెబ్ పనిముట్లను పారవేయమని నేను అనడం లేదు. మగ్గాలను ముంచివేసినది ఆవిరి యంత్రం కాదు, దాని యజమాని. పనిముట్టు ఎవరిది, దాని నియమాలను ఎవరు రాస్తారు అన్నదే ప్రశ్న. యూపీఐని చూడండి. 2016లో వచ్చింది. 2020 జనవరి నుండి దుకాణదారు దగ్గర రుసుము తీసుకోరాదని ప్రభుత్వం నిర్ణయించింది. నల్లజర్ల సెంటరులో టీ అమ్మేవాడికి కూడా అది అక్కరకు వచ్చింది. బహిరంగ నిర్ణయానికి లోబడిన పనిముట్టు పేదవాడికి ఎలా పనికి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే దాని మీద జరిగే లావాదేవీలలో నాలుగింట మూడు వంతులకు పైగా ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు కంపెనీల చేతిలో పడినవి. రోడ్డు ప్రజలది, బండ్లు వాల్‌మార్టువీ గూగుల్‌వీ.

మరి కళాశాలలు? 2019 జాతీయ విధానంలో మంచి లేకపోలేదు. ప్రయోగశాలలను వాడుకోనిస్తుంది, చదువుకు విరామం తీసుకోనిస్తుంది. కాని ఇచ్చిన సౌకర్యాలకు బదులుగా కళాశాల విద్యార్థి సంస్థలో 2 నుండి 9.5 శాతం వాటా తీసుకోవచ్చునని కూడా అందులోనే ఉన్నది. ఫీజు కట్టి చదువుకొనే పిల్లవాడి దగ్గర మళ్ళీ పాలు పంచుకోవడమా? పాఠం చెప్పినందుకు పొలంలో వాటా అడిగే గురువును మన ఊళ్ళో ఏమంటారో నేను రాయనక్కరలేదు. పైగా 9.5 దగ్గర ఆగడంలోని రహస్యం, సంస్థ కూలితే ఆ బాధ్యత కళాశాలకు చుట్టుకోకుండా ఉండడమే. లాభంలో భాగస్వామ్యం, నష్టంలో నమస్కారం.

ఏమి చేయాలి? మొదటిది: ఒంటరి యజమానిని తయారుచేసే ఆదర్శాన్ని వదలి, కలిసి పనిచేసే జట్టును తయారుచేయాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రకారం వేరువేరు కుటుంబాలకు చెందిన పదిమంది చేరితే సంఘం పెట్టుకోవచ్చు. కోకో గింజను పచ్చిగుజ్జుతోనే చెక్కపెట్టెలలో పోసి, అరటాకులు కప్పి, తిరగవేస్తూ అయిదారు రోజులు మాగబెట్టి ఎండబెట్టడంలోనే దాని రుచీ ధరా నిర్ణయమవుతాయి. మన జిల్లా గింజతోనే హైదరాబాదులో 2023లో మనం చాక్లెట్ అనే సంస్థ నిలదొక్కుకొన్నది. ఆ పని పదిమంది రైతు బిడ్డలు చేయలేరా? నేర్పడానికి తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. రెండవది: కొనేవారి పట్టిక, లెక్కల పుస్తకం, అమ్మకపు పుట సంఘం చేతిలోనే ఉండాలి. అందుకు పనికివచ్చే స్వేచ్ఛా సాఫ్టువేరు ఉన్నది. దాన్ని తెలుగులో నేర్పే స్వేచ్ఛ వంటి సంస్థలూ ఉన్నవి. పెద్ద ఆన్‌లైన్ అంగడిని సంతలాగా వాడుకోవాలి, ఇల్లుగా చేసుకోరాదు. మూడవది: హక్కులు తెలియాలి. రిజిస్టరైన చిన్న ఉత్పత్తిదారుకు 45 రోజుల లోపల డబ్బు చెల్లించాలనీ, జాగు చేస్తే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలనీ 2006 నాటి చట్టం చెబుతున్నది. మన వాణిజ్య శాస్త్ర తరగతులలో ఈ సెక్షన్లను ఎందరు బోధిస్తున్నారు?

ఇది పగటికల అనేవారు కేరళ చూడాలి. 1925లో ఊరాళుంగళ్‌లో కూలీలు పెట్టుకొన్న కార్మిక సహకార సంఘం రోడ్లు వేసింది, వంతెనలు కట్టింది. 2016లో కోళిక్కోడులో సైబర్ పార్కును కూడా తెరిచింది. మట్టి మోసినవారి సంఘం కంప్యూటరు గదికి యజమాని అయినది.

ఉద్యోగాలు కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఖాళీలను నింపమని అడిగే గొంతును స్టార్టప్ పాటతో నొక్కివేయనీయరాదు. అట్లాగని, ఆ ఉద్యోగం వచ్చేవరకు ఈ పిల్లవాడు ఏమి తినాలన్న ప్రశ్నకు జవాబివ్వని పోరాటం అతని గుమ్మం దాటి లోపలికి పోలేదు. విద్యార్థి సంఘాలు జీతాల కోసం, ఫీజుల కోసం పోరాడినట్టే, సహకార సంఘాల కోసం కూడా పూనుకోవాలి. అధ్యాపకులు ఉత్సవ సభల్లో చప్పట్లు కొట్టడం మాని లెక్కల పుస్తకం పట్టుకొని వారి పక్కన కూర్చోవాలి. మనం కూర్చోని చోట కంపెనీ ఏజెంటు కూర్చుంటాడు. ఇప్పటికే కూర్చున్నాడు.